దవడ నొప్పి: ముందు స్కేలు, తర్వాత చేతులు

హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఒక మాదిరి యాపిల్ తీసి కొలిస్తే వెడల్పు 70 నుంచి 80 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల నోరు తెరుచుకునేది 40 నుంచి 50 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక్కో కొరుకుడుకీ నోరు దాదాపు చివరిదాకా తెరవాలి. దవడ కీలు ఇబ్బంది పెట్టడం మొదలైతే బయటపడే చోట్లలో ఇదొకటి. పండు కొరకబోతే చెవి ముందు చురుక్కుమంటుంది. ఆవులింత సగంలో ఆగిపోతుంది. అన్నం ముద్ద నములుతుంటే టక్‌మని చప్పుడవుతుంది. పంటి నొప్పేమోనని కొందరు, చెవిపోటేమోనని కొందరు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. చెవిలో ఏమీ లేదంటారు, పళ్లు బాగానే ఉన్నాయంటారు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

దవడ కీలుకు, దాన్ని కదిపే కండరాలకు వచ్చే ఇలాంటి బాధల్లో చాలావాటికి కోత అక్కర్లేదు. పళ్లు అరగదీయడమూ అక్కర్లేదు. చేతులతో చేసే చికిత్స, రోజూ కొద్దిసేపు వ్యాయామం, పగటిపూట ఒక అలవాటు మార్చుకోవడం చాలావరకు సరిపోతాయి. దీన్ని నమ్మకం మీద చెప్పడం లేదు, దీని వెనక లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో మొదటిది మీ ఇంట్లోనే తీయవచ్చు.

పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే చిన్న స్కేలు చాలు. అద్దం ముందు నిటారుగా కూర్చుని, నొప్పి మొదలయ్యేంత వరకే నోరు తెరవండి. పైన ముందుపన్ను అంచు నుంచి కింద ముందుపన్ను అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. స్కేలులో సున్నా గీత అంచు దగ్గర కాకుండా కాస్త లోపల మొదలైతే ఆ ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోండి. మూడుసార్లు కొలిచి, మధ్య అంకెను తేదీతో సహా రాసుకోండి. స్కేలు లేకపోతే మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి పళ్ల మధ్య పట్టిస్తే సరి. మూడు వేళ్లూ ఇబ్బంది లేకుండా పడితే నోరు బాగా తెరుచుకుంటున్నట్టే. వేళ్లు ఎవరివి వాళ్లకే కొలత, ఇంకొకరి వేళ్లతో చూస్తే లెక్క తప్పుతుంది.

40 మిల్లీమీటర్లు దాటితే మామూలే. 35 కంటే తగ్గితే నోరు సరిగా తెరుచుకోవడం లేదని అర్థం. నిన్నటిదాకా బాగుండి, ఒక పొద్దున హఠాత్తుగా 25, 30 దగ్గర ఆగిపోతే కీలు లోపలి డిస్క్ అడ్డుపడి ఉండవచ్చు. ఇక పక్కకు కదిలించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న దవడ కుడికీ ఎడమకీ 8 నుంచి 10 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే నిలువు కొలతలో సుమారు నాలుగో వంతు. ఒక పక్కకు 9, రెండో పక్కకు 4 వస్తే ఆ తేడాను కూడా రాసుకుని ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఈ కొలతలు ఎందుకు పనికొస్తాయో తెలియాలంటే కీలు పనితీరు కొంచెం తెలియాలి. చెవికి సరిగ్గా ముందు, రెండు పక్కలా రెండు దవడ కీళ్లుంటాయి. ఆ రెండూ ఒకే ఎముకకు రెండు చివర్లు కాబట్టి ఒకటి కదిలితే రెండోదీ కదలక తప్పదు. నోరు తెరిచేటప్పుడు మొదటి 20, 25 మిల్లీమీటర్ల దాకా కీలు ఎక్కువగా ఉన్నచోటే తలుపు బందులా తిరుగుతుంది. ఆ తర్వాత ఎముక తల ముందుకు జారుతుంది. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే ఆ జారుడు మీకే తెలుస్తుంది. తిరగడానికీ జారడానికీ మధ్య మెత్తగా ఉండి పని సాఫీగా జరిపించేది ఒక చిన్న డిస్క్. అది కాస్త ముందుకు తప్పుకుని, నోరు తెరిచేటప్పుడు మళ్లీ తన చోటికి వస్తే టక్‌మంటుంది. తిరిగి రాలేక ముందే ఉండిపోతే, జారాల్సిన ఎముక అక్కడే ఆగుతుంది. 25 దగ్గర నోరు ఆగిపోవడానికి కారణం అదే.

చప్పుడు ఒక్కటే ఉండి, నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటుంటే చికిత్స అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ చప్పుడుకే భయపడి స్కానింగుల దాకా వెళ్లేవాళ్లున్నారు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను 2021లో ఒకచోట చేర్చి లెక్కగడితే, పెద్దవాళ్లలో సుమారు 31 శాతం మందికి, పిల్లలూ కౌమారదశలో ఉన్నవాళ్లలో 11 శాతం మందికి దవడ కీలు సమస్య ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ ప్రకారం, నొప్పి ఉన్నవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆ అంకె 5 నుంచి 12 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉన్నవాళ్లలో చాలామంది చప్పుడు వింటూ హాయిగా బతికేస్తున్నవాళ్లే. నొప్పి ఉన్నవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు దాదాపు రెట్టింపు. 20 నుంచి 40 ఏళ్ల వయసులో ఎక్కువగా కనిపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి కోచింగ్ సెంటర్ల చుట్టూ హాస్టళ్లలో ఉండే పిల్లల్లో చాలామంది ఈ వయసుకు కాస్త ముందో, సరిగ్గా ఆ వయసులోనో ఉంటారు. గంటల తరబడి మెడ వంచి చదువుతూ, తెలియకుండానే పళ్లు బిగించి కూర్చుంటారు. మెలకువగా ఉన్నప్పుడు పళ్లు బిగించే అలవాటు పెద్దవాళ్లలో 22 నుంచి 31 శాతం మందికి ఉందని 2013లో ఒక సమీక్ష లెక్కగట్టింది. నిద్రలో తరచుగా పళ్లు నూరేవాళ్లు సుమారు 13 శాతం. నిద్రలో నూరడం గురించే ఇంట్లోవాళ్లు చెబుతుంటారు, ఎందుకంటే అది వినిపిస్తుంది. పగటి బిగింపు ఎవరికీ వినపడదు.

దీనికి ఎదురుగా మరో అంకె పెట్టి చూడండి. 24 గంటల్లో మన పై పళ్లు కింది పళ్లను నిజంగా తాకాల్సింది మొత్తం కలిపి సుమారు 17 నుంచి 20 నిమిషాలే. నమిలేటప్పుడు, మింగేటప్పుడు, అంతే. మిగతా రోజంతా పెదాలు కలిసి ఉన్నా పళ్ల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పరీక్ష పేపరు ముందు మూడు గంటలు బిగించి కూర్చున్నవాళ్ల దవడ కండరం ఆ ఒక్క పూటలోనే చాలా రోజుల పని చేసేసినట్టు. సాయంత్రానికి కణతలు లాగడంలో ఆశ్చర్యం లేదు. 'న' అనబోయి ఆగితే నాలుక కొన ఎక్కడ ఆగుతుందో, అక్కడ దాన్ని తేలిగ్గా ఆనించి ఉంచితే పళ్లు బిగియవు. ఫోను మోగినప్పుడల్లా, పేజీ తిప్పినప్పుడల్లా ఒకసారి చూసుకోవడం అలవాటైతే సగం పని అయినట్టే అని నా అభిప్రాయం.

ఇంత మామూలు విషయం పళ్ల అమరిక సమస్యగా ఎందుకు పేరు పడిందన్నదానికి ఒక చరిత్ర ఉంది. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, గొంతు డాక్టరు 11 మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్లు ఊడిపోయి దవడ లోపలికి నొక్కుకుపోవడం వల్లే చెవి నొప్పి, తలనొప్పి వస్తున్నాయన్నాడు. చెవికీ దవడకూ సంబంధం ఉందని గుర్తించడం గొప్పే. కానీ కారణం విషయంలో ఆయన వివరణ నిలబడలేదు. అయినా దాని ప్రభావంతో కొన్ని దశాబ్దాలు పళ్లు అరగదీయడం, ఎత్తు పెంచడం, అమరిక మార్చడం దవడ నొప్పికి వైద్యమయ్యాయి. దవడ కండరాలకూ చెవి దగ్గరి చర్మానికీ ఒకే నరం, ట్రైజెమినల్, శాఖలు పంపుతుంది. కీలు నొప్పి చెవిపోటులా తోచడానికి అది చాలు. దానికి పళ్లు ఊడక్కర్లేదు.

ఇప్పుడు 11 మంది పక్కన 8,713 మందిని పెట్టండి. 2023 డిసెంబరులో బీఎంజే పత్రిక దీర్ఘకాల దవడ కీలు నొప్పికి చికిత్సల మీద మార్గదర్శకాలు ప్రచురించింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అందులో ముఖ్యపాత్ర వహించారు. దానికి ఆధారంగా తీసుకున్న సమీక్షలో 153 ప్రయోగాలు, 8,713 మంది రోగులు, 59 రకాల చికిత్సలను ఒకదానితో ఒకటి పోల్చారు. ముందువరుసలో నిలిచినవి మూడు. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మానసిక చికిత్సను విశ్రాంతి పద్ధతులతో గానీ, కండరం బిగువును యంత్రంతో చూపించే బయోఫీడ్‌బ్యాక్‌తో గానీ కలిపి చేయడం ఒకటి. థెరపిస్టు చేతులతో దవడను కదిలించడం రెండోది. కండరంలో గట్టిపడిన ముడులను వేళ్లతో నొక్కి సడలించడం మూడోది. మొదటి రెంటికీ 36, మూడోదానికి 32 శాతం తేడా వచ్చింది.

ఈ 36ను సరిగ్గా చదవాలి. వందమందిలో 36 మందికి మొత్తం నొప్పి పోయిందని కాదు. ఉత్తుత్తి చికిత్స పొందిన వందమందితో పోలిస్తే, ఈ చికిత్స పొందిన వందమందిలో 36 మంది అదనంగా 'చెప్పుకోదగ్గ' ఉపశమనం పొందారని అర్థం. ఆ చెప్పుకోదగ్గదాన్ని 10 సెంటీమీటర్ల నొప్పి గీత మీద కనీసం 1 సెంటీమీటరు తగ్గుదలగా తీసుకున్నారు. అంటే నొప్పి 6 నుంచి 5కు దిగినా లెక్కలోకి వస్తుంది. అదే చివరిది కాదు, కనీసం అది అన్నమాట. ఇది అద్భుతం కాదు, కానీ ముగ్గురికి చికిత్స చేస్తే వాళ్లలో ఒకరికి, చికిత్స లేకపోతే రాని ఉపశమనం వస్తోంది. దీర్ఘకాల నొప్పుల్లో ఇది మంచి అంకె.

బాటసింగారం లాంటి ఊరికి నా దృష్టిలో ఇంకో వరుస ముఖ్యం. థెరపిస్టు పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, మెడ భంగిమ వ్యాయామాలు, ఇంట్లో చేసుకునే సాగదీతలు, ధైర్యం చెప్పి సమస్యను వివరించడం, ఇవన్నీ 23 నుంచి 30 శాతం తేడా చూపాయి. మొదటి వరుస కంటే తక్కువే. కానీ వీటికి యంత్రాలు అక్కర్లేదు, ఒకసారి నేర్చుకుంటే వారానికి రెండు రోజుల కూలి పోగొట్టుకోనక్కర్లేదు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం పోతుంది. ముందు కొలతలు తీస్తారు. దవడ కండరాల మీద వేలితో నొక్కి, మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా అని అడుగుతారు. 2014లో వచ్చిన అంతర్జాతీయ రోగనిర్ధారణ పద్ధతి ప్రకారం కండరం మీద నొక్కు ఒక కిలో, కీలు మీద అరకిలో. వేలికి ఆ అంచనా రావడానికి చిన్న తూకం మీద సాధన చేస్తారు. చికిత్సలో గ్లవ్ తొడుక్కుని బొటనవేలు మీ కింది వెనక పళ్ల మీద పెట్టి, దవడను నెమ్మదిగా కిందికి లాగి, కొన్ని సెకన్లు పట్టి వదులుతారు. కీలు లోపల ఇరుకు కాస్త సడలుతుంది. తర్వాత చెంప లోపలి నుంచి బయటి నుంచి కండరాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కుతారు. ఆ క్షణంలో కళ్లు చెమరుస్తాయి, ఒక రోజంతా కాస్త సలుపు ఉండవచ్చు. అంతకు మించి నొప్పి పెరిగినా, నోరు ముందు కంటే తక్కువ తెరుచుకున్నా మళ్లీ వెళ్లినప్పుడు చెప్పాలి, బలం తగ్గిస్తారు.

ఇంటి వ్యాయామాల్లో పేరున్నది చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మారియానో రొకబాడో రూపొందించిన ఆరు కదలికల వరుస. నాలుకను పై అంగిలికి ఆనించి నోరు తెరవడం, వేలితో చిన్న అడ్డు పెట్టి దవడను నిలపడం, గడ్డం లోపలికి లాగి మెడ నిటారు చేయడం లాంటివి అందులో ఉన్నాయి. ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. లెక్కేస్తే 216. మామూలు మనిషికి ఇది భారమే. 2007లో అమెరికాలో 45 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి స్వీయ జాగ్రత్తలు మాత్రమే చెప్పారు, సగం మందికి వాటితోపాటు ఈ 216 కూడా ఇచ్చారు. నాలుగు వారాల తర్వాత రెండు గుంపులూ మెరుగయ్యాయి, రెంటి మధ్య తేడా కనిపించలేదు. అందుకే 216 పూర్తి కాలేదని బెంగపడి మొత్తం మానేయకండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండేసి వ్యాయామాలు తప్పకుండా చేస్తే చాలు. వ్యాయామానికి ముందు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ 15 నిమిషాలు చెంపకు పెడితే కండరం మాట వింటుంది.

మెడ సంగతి కూడా చెప్పాలి. తల బరువు సుమారు 5 కిలోలు. 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్కగట్టిన ప్రకారం, ఫోను చూడటానికి తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలతో సమానం. అది కంప్యూటర్ నమూనాలో వచ్చిన అంచనా, మనుషుల మెడల మీద తూచింది కాదు. అయినా మెడ ముందుకు వాలితే దవడను కిందికి లాగే కండరాలు బిగుస్తాయన్నది థెరపిస్టులు రోజూ చూసేదే. క్రేట్లు తల మీద మోసే హమాలీల మెడ మీద పడే భారానికి అంచనాలు అక్కర్లేదు. బరువు ఎత్తేటప్పుడు పళ్లు బిగించడం అందరికీ సహజం. ఎత్తే క్షణంలో నాలుకను పళ్ల మధ్య కాకుండా పై అంగిలికి ఆనించి, ఊపిరి వదులుతూ ఎత్తడం నేర్చుకోవచ్చు.

తిండి విషయంలో పెద్ద పథ్యం లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న వారం, రెండు వారాలు సకినాలు, చెరకు, గట్టి జామకాయ, మటన్ బొక్కలు పక్కన పెట్టండి. యాపిల్‌ను ముక్కలుగా కోసి, వెనక పళ్లతో నమలండి. రెండు పక్కలా నమలాలి. చూయింగ్ గమ్ పూర్తిగా మానేయాలి.

బీఎంజే మార్గదర్శకాలు వద్దన్నవి కూడా తెలియాలి. పళ్లకు తొడిగి అమరికను శాశ్వతంగా మార్చే స్ప్లింట్లు, కీలు డిస్క్ తీసేసే ఆపరేషన్, ఓపియాయిడ్ మందులు కలిపిన నొప్పి మాత్రలు గట్టిగా వద్దన్నవి. తీసి పెట్టుకునే స్ప్లింట్లు, కీలులోకి ఇంజెక్షన్లు, లేజర్, కరెంటు షాక్ ప్యాడ్లు నొప్పి కోసమైతే ఎక్కువమందికి అక్కర్లేదన్నాయి. అయితే రాత్రి పళ్లు నూరి అరగదీసుకునేవాళ్లకు పళ్లను కాపాడటానికి డాక్టరు గార్డు ఇవ్వవచ్చు, అది వేరే లెక్క. తొందరపడితే ఏమవుతుందో 1980ల్లో అమెరికా చూసింది. హ్యూస్టన్‌కు చెందిన వైటెక్ కంపెనీ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ దవడ ఇంప్లాంటు 1983లో మార్కెట్లోకి వచ్చింది. వేలమందికి అమర్చారు. నమిలే ఒత్తిడికి అది పొడిపొడై, చుట్టూ ఎముకను తినేసింది. 1990 నుంచి వెనక్కి పిలిచారు. ఒకసారి కోసినదాన్ని తిరిగి యథాస్థితికి తేలేరు. చేతులతో చేసిన చికిత్స పని చేయకపోతే ఆపేస్తే చాలు, పోయేదేమీ లేదు.

నోరు తెరుచుకోకపోవడం ప్రతిసారీ కీలు వల్లే కాదు. గుట్కా, పాన్‌మసాలా, వక్క నమిలేవాళ్లలో నోటి లోపలి పొర గట్టిపడి పాలిపోతుంది, కారం తగిలితే మంట పుడుతుంది, చెంపల్లో తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి, వేళ్లు ఒక్కొక్కటే తగ్గుతూ నోరు ముడుచుకుంటుంది. ఇది ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్లు గమనిస్తే, 5 మందికి, అంటే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో వక్కనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది, పొగాకు కలవక్కర్లేదు. రాత్రి లోడింగు పనిలో నిద్ర ఆపుకోవడానికి ప్యాకెట్లు నమిలేవాళ్లు బాటసింగారం మార్కెట్‌లోనైనా, మరే మార్కెట్‌లోనైనా ఉంటే, నోట్లో మూడు వేళ్లు పట్టడం లేదంటే ఫిజియోథెరపీ కంటే ముందు నోటి డాక్టరును చూడాలి. ఇది నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట.

మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు ఎడమ దవడ లాగి, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది గుండె నొప్పి కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. 50 ఏళ్లు దాటినవాళ్లకు నమిలే కొద్దీ దవడ అలసిపోయి, కణతల్లో కొత్తగా తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. ఆవులించాక నోరు మూతపడకపోతే కీలు జారినట్టు. హిప్పోక్రటీస్ కాలం నుంచి డాక్టర్లు వెనక పళ్ల మీద బొటనవేళ్లు పెట్టి దాన్ని చోటుకు తెస్తున్నారు. ఇంట్లోవాళ్లు బలవంతంగా మూయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక చికిత్సకు ఎక్కడికి వెళ్లాలన్న సంగతి. బాటసింగారం పండ్ల మార్కెట్ 2021 వరకు గడ్డిఅన్నారంలో ఉండేది. అది ఔటర్ రింగ్ రోడ్డు దాటి బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు తరలింది, పాత స్థలంలో 2022లో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ఇక్కడి కూలీలకు స్పెషలిస్టు దగ్గరికి దారి దూరం. బస్సులో ఎల్‌బీనగర్ చేరి మెట్రో ఎక్కితే ఏడో స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడికి దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి. పొద్దున ఓపీకి వెళ్తే ఓరల్ మెడిసిన్ విభాగంలో చూస్తారు. పంజాగుట్ట నిమ్స్‌లో ఫిజియోథెరపీ విభాగం ఉంది. సాధారణంగా వారానికి ఒకటి రెండు సార్లు, 4 నుంచి 8 వారాలు చికిత్స చెబుతారు. అన్ని రోజులు కూలి మానుకోలేనివాళ్లు మొదటి రోజే ఆ విషయం చెప్పండి. రెండు వ్యాయామాలు బాగా నేర్పించి, రెండు వారాలకోసారి చూడమని అడగండి. ఆ మధ్య రోజుల్లో మిల్లీమీటర్లు, 0 నుంచి 10లో నొప్పి ఎంతో వారానికి రెండుసార్లు రాసుకుని వెళ్లండి.

6 వారాలకు రెండు అంకెల్లో ఏ ఒక్కటీ కదలకపోతే స్పెషలిస్టుకు చూపించే సమయం వచ్చినట్టు. అప్పుడు ఎంఆర్‌ఐ అవసరం పడవచ్చు. దంత క్లినిక్‌లలో తీసే పెద్ద ఓపీజీ ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ డిస్క్ కనిపించదు. ఎంఆర్‌ఐలో డిస్క్ పక్కకు తప్పుకున్నట్టు రాసి వచ్చినా, నొప్పి లేకుండా నోరు 40 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంటే ఆ రిపోర్టు చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోనక్కర్లేదు.